రెండో వైపు మొదటి పాట

ఆ క్యాసెట్ల కంపెనీలో చెవులమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో ఎక్కడో ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి ఎవరా అని చూస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ పని ఒక్కటే. పాటలు నింపుకుని యంత్రం మీంచి దిగిన ప్రతి క్యాసెట్టునూ డెక్కులో పెట్టి మొదటి వైపు పది సెకన్లు, తిప్పి రెండో వైపు పది సెకన్లు వినాలి. గరగర ఉందా, గొంతు సాగిందా చూసి, బాగుంటే కుడిచేతి పక్క బల్ల మీద పెట్టాలి.

ఆ బల్ల దగ్గర ఆవిడ ఆడపడుచు జిగురు కుంచె పట్టుకుని కూచుంటుంది. లేబులు పడేదాకా క్యాసెట్టుకు ముందూ వెనకా ఒకటే, పోల్చుకోవడం బ్రహ్మతరం కూడా కాదు. కానీ వదిన చివర విన్నది రెండో వైపు కాబట్టి అదే పైకి ఉంటుంది. ఆడపడుచు పైవైపు 'రెండు' లేబులు అతికించి, తిప్పి 'ఒకటి' అతికిస్తుంది. ఈ పని గురించి వాళ్ళిద్దరికీ మాటలు అక్కర్లేదు. మిగతా అన్ని విషయాల మీదా రోజంతా మాటలే.

దశాబ్దం మారబోతోంది. యజమానికి నిద్ర పట్టడం లేదు. రేడియోలో ప్రతి ఆదివారం పొద్దున వారంలో మేటి పది పాటలు వేస్తారు. శ్రోతలు రాసిన కార్డులను బట్టి వరస. కొత్త దశాబ్దపు మొదటి ఆదివారం, మొదటి స్థానంలో తన కంపెనీ పాట మోగాలని ఆయన పంతం. అందుకోసం బంగారుగొంతుగారిని పట్టుకొచ్చాడు. గడిచిన పదేళ్ళూ ఆ పట్టికలో తిష్ఠ వేసుకుని కూచున్న గాయకుడాయన. క్యాసెట్టు మొదటి వైపంతా ఆయనే. రెండో వైపుకు వచ్చేసరికి ఆయన గొంతు బొంగురుపోయి, మఫ్లరు చుట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మిగిలినవి ఎవరో ఒకరు పాడాలిగా! వెనక వరసలో పన్నెండేళ్ళుగా 'ఆ'లూ 'ఊ'లూ పాడుతున్న కోరస్ ఆవిణ్ణి చూసి, "నువ్వు ముందుకు రామ్మా" అన్నాడట సంగీత దర్శకుడు. అలా రెండో వైపు మొదటి పాట ఆవిడది అయింది.

పాటలు క్యాసెట్లలోకి ఎక్కించే ముందు, అన్నిటికీ మూలమైన మాస్టరు టేపు వినడం కూడా చెవులమ్మ పనే. ఆ పాట దగ్గర ఆవిడ పది సెకన్లకు ఆపలేదు. పల్లవి అయింది, చరణం అయింది, టీ చల్లారింది. పాట మొదలయ్యే ముందు ఆ కోరస్ ఆవిడ చిన్నగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా టేపులో పడింది. పన్నెండేళ్ళు ఆపుకున్న ఊపిరి మరి. అది వినగానే చెవులమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేరుగా యజమాని గదికి వెళ్ళింది. "సార్, ఈ పాట మొదటి వైపు మొదట పెట్టండి. ఊరంతా పాడుకుంటుంది."

ఆయన పగలబడి నవ్వాడు. "నీ ఉద్యోగం చెవులతోనమ్మా, నోటితో కాదు. అది రెండో వైపు సరుకు. బస్సులో డ్రైవరు రెండో వైపు తిప్పుతాడా? హోటల్లో తిప్పుతారా? మొదటి వైపు అయిపోతే మళ్ళీ మొదటి వైపే వేస్తారు. అందుకే అటు ఏది పడేసినా ఫరవాలేదు."

గదిలో ఉన్న గుమాస్తాలు కూడా నవ్వారు. యజమాని నవ్వితే నవ్వడం కూడా జీతంలో భాగమే కదా! చెవులమ్మ తలుపు కాస్త గట్టిగానే వేసి వచ్చింది.

మర్నాటి నుంచి నాలుగు రోజుల్లో రెండువేల క్యాసెట్లు వినాలి. రెండువేల సార్లు ఆ బంగారుగొంతే ముందు చెవిన పడాలా అనిపించింది ఆవిడకు. చెవి తాజాగా ఉన్నప్పుడే ఆ ఊపిరి వినాలనిపించి, ప్రతి క్యాసెట్టూ రెండో వైపు ముందు విని, తర్వాత మొదటి వైపుకు తిప్పింది. ఏ వైపు ముందు వింటే ఏం, వినడమేగా పని! ఆ నాలుగు రోజులూ హాయిగా గడిచాయి. పక్క బల్ల మీద క్యాసెట్లన్నీ మొదటి వైపు పైకి ఉండి పేరుకుంటున్నాయన్న మాట ఆవిడకు తట్టనేలేదు. ఆడపడుచు చేయి తన అలవాటు ప్రకారం పైవైపు 'రెండు' అతికిస్తూ పోయింది.

సరుకు దుకాణాలకు చేరిన మూడో రోజు ఫోన్లు మొదలయ్యాయి.

"మొదటి వైపు వేస్తే ఎవరో ఆవిడ పాడుతోందేంటండీ? బంగారుగొంతుగారేరీ?"

యజమాని నాలుగు క్యాసెట్లు విప్పి విన్నాడు. అన్నీ తారుమారే. ఆయన కిందికి దిగి వచ్చిన వేగానికి మెట్ల మీద చెప్పు ఒకటి ఉండిపోయింది.

"ఎవరతికించారివి?"

ఆడపడుచు మొహం పాలిపోయింది. కుంచె చేతిలోంచి జారింది. చెవులమ్మ లేచి నిలబడింది.

"ఆవిడ ఎప్పటిలాగే అతికించింది సార్. తిరగేసి పెట్టింది నేను. తప్పు నాది."

"వెనక్కి తెప్పించే టైము కూడా లేదు! ఆదివారం పట్టికలో మన క్యాసెట్టు పాట మొదటి స్థానంలో రాకపోతే, సోమవారం నువ్వు రానక్కర్లేదు." నోటి మాటతో ఊరుకోలేదు. టైపు చేయించి సంతకం పెట్టి మరీ మెమో ఇచ్చాడు: 'బంగారుగొంతుగారి పాటలుండవలసిన మొదటి వైపున రెండో వైపు పాటలు వచ్చుటకు పూర్తి బాధ్యత ఈమెదే. ఇందులో కంపెనీకి గానీ, యజమానికి గానీ ఎటువంటి ప్రమేయమూ లేదు.'

ఆ వారం రోజులూ చెవులమ్మకు అన్నం సయించలేదు. అడుగడుగునా భయమే. చెవి తప్ప ఇంకో విద్య లేదు ఆవిడకు. ఆ హెడ్‌ఫోన్లు తీసేస్తే పొద్దున్నే లేచి ఎటు వెళ్ళాలో తెలియదు.

"వదినా, నిజం చెప్పు. కావాలనే చేశావా?" అంది ఆడపడుచు ఇంటికి నడుస్తూ.

"కావాలని చేసే ధైర్యమే ఉంటే పంతొమ్మిదేళ్ళు ఈ కుర్చీలోనే ఎందుకుంటానే?"

"ఉండు, ఆగు." ఆడపడుచు వీధి మధ్యలో నిలబడిపోయింది. మలుపు తిరుగుతున్న బస్సు కిటికీల్లోంచి పాట వస్తోంది. అదే పాట. తిప్పని మొదటి వైపు. ఎదురుగా ఇస్త్రీ చేసేవాడు పెట్టె పక్కన పెట్టి మరీ చరణం అందుకున్నాడు. శృతి లేదు, మాటలు సగం తప్పు, కానీ పాడుతున్నాడు.

చెవులమ్మ నడక మాత్రం కాస్త పెరిగింది.

ఆదివారం పొద్దున యజమాని అందరినీ తన గదికి పిలిపించాడు. గోడకు బంగారుగొంతుగారి బొమ్మతో నిలువెత్తు బ్యానరు. మధ్యలో రేడియో. పదో పాట, తొమ్మిదో పాట అంటూ అనౌన్సరు తీరుబడిగా చెప్పుకొస్తోంది. నాలుగో స్థానం దగ్గర బంగారుగొంతుగారు వచ్చేశారు. యజమాని మొహం వాడిపోయింది. ఆయన కళ్ళు చెవులమ్మ మీదికి తిరిగాయి. ఆవిడ ఆడపడుచు చేయి పట్టుకుంది. మూడో పాట ఎవరిదో, రెండోది ఎవరిదో ఆవిడకు వినిపించలేదు.

"ఇక మొదటి స్థానం" అంది అనౌన్సరు. "ఈ పాట పాడిందెవరో లేబులు మీద లేదంటూ వేలమంది కార్డులు రాశారు. మొదటి వైపు మొదటి పాట పాడిన ఆవిడ ఎవరని అడిగారు. కనుక్కున్నాం." అని, కోరస్ ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా చదివింది.

రేడియోలో చిన్నగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు.

పాట మొదలు కాకముందే చెవులమ్మ రెండు చేతులూ పైకెత్తి ఒక్క కేక పెట్టింది. పంతొమ్మిదేళ్ళలో ఆ భవనంలో ఎవరూ ఆవిడ గొంతు అంత పైకి వినలేదు. గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. ఈసారి యజమాని మొహం చూసి కొట్టలేదు. నవ్విన నాపచేనే పండిందని ఎవరో గొణిగారు.

రొట్టె విరిగి నేతిలో పడితే, విరిచింది నేనే అనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. సోమవారం పేపరులో యజమాని ఫొటో పడింది. 'కొత్త దశాబ్దానికి కొత్త గొంతు కావాలని ముందే పసిగట్టి, సాహసం చేసి వైపులు మార్చాను' అన్నాడట. ఈలోగా సరిగ్గా లేబుళ్ళు వేసి పంపిన కొత్త సరుకును దుకాణాలవాళ్ళు 'ఇది తప్పుది, అసలుది పంపండి' అని తిప్పి పంపుతున్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ పేపరు చేత్తో పట్టుకుని మధ్యాహ్నం కోరస్ ఆవిడే వచ్చింది. మామూలు నూలు చీర, చేతిలో గొడుగు. యజమాని ఎదురెళ్ళి, కంపెనీ అంతా చూపిస్తూ వినే గదిలోకి తీసుకొచ్చాడు.

"మీకే కృతజ్ఞతలు చెప్పుకోవాలండి" అందావిడ. "నా పాట మొదటి వైపు పెట్టింది మీరేనట కదా?"

"ముప్పై ఏళ్ళ అనుభవమమ్మా..." అని ఆయన గొంతు సవరించుకున్నాడు.

చెవులమ్మ హెడ్‌ఫోన్లు సర్దుకుంటూ తల వంచుకుంది. ఆడపడుచు మాత్రం కుంచె పక్కన పెట్టింది.

"కాదండీ. మా వదిన పెట్టింది. కాగితం కూడా ఉంది, సార్ సంతకంతో." సొరుగులోంచి మెమో తీసి ఆవిడ చేతికిచ్చింది.

కోరస్ ఆవిడ పైకే చదివింది. అసలే పాడే గొంతు, ఒక్కో మాటా స్పష్టంగా పలికింది. "పూర్తి బాధ్యత ఈమెదే. ఇందులో కంపెనీకి గానీ, యజమానికి గానీ ఎటువంటి ప్రమేయమూ లేదు." చదవడం అయ్యాక కాగితం కిందికి దించి, యజమాని వంక చూసింది. ఆయన కిటికీలోంచి బయట ఏదో చాలా ముఖ్యమైనది చూస్తున్నాడు.

ఆవిడ నడిచొచ్చి చెవులమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "ముందే విన్నారా నన్ను?"

"మాస్టరు టేపులో ఒక్కసారి మొత్తం విన్నానమ్మా. తర్వాత రెండువేల సార్లు, ప్రతిసారీ పది సెకన్లే" అంది చెవులమ్మ. కళ్ళు తుడుచుకుని తన కుర్చీ ఆవిడ వైపు జరిపి, హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకు పెట్టింది. "కూచోండి. ఇవాళ మొత్తం విందాం."

పాట మోగుతుండగా ఆడపడుచు మెమో వెనక్కి తిప్పి నాలుగు మూలలా జిగురు రాసింది. చెవులమ్మ కుర్చీకి ఎదురుగా, గది గోడ మీద, అందరికీ కనబడేలా అతికించింది. ఈసారి ఏ వైపు పైకి ఉండాలో ఒకటికి రెండుసార్లు చూసుకుంది.