ఎదురు చుట్టిన తీగ

మా తమ్ముడు గిటారు మాస్టారు. పక్షవాతంతో వాడి కుడిచెయ్యి పడిపోయాక, ఇంట్లో అందరూ వాడి ముందు గిటారు మాట ఎత్తడం మానేశారు. నేను మాత్రం మానలేదు. నాకు నోరు ఊరుకోదు. పైగా నేను యాంప్లిఫయర్లు బాగుచేసి బతికేదాన్ని. పాడైందని దేన్నయినా మూలన పడేస్తే నాకు ఒళ్ళు మంట.

వాడి ఎడమచేతి వేళ్ళు ఇప్పటికీ తీగల మీద చకచకా నడుస్తాయి. కుడిచెయ్యే ఎలాగో ఒక్కసారి మీటి, ఒళ్ళో పడిపోతుంది. ఆ స్వరం కాస్త మోగి ఆగిపోతుంది.

"ఆదివారం మా శిష్యురాలు వస్తుందక్కా. గిటారు ఇచ్చేస్తున్నాను" అన్నాడు ఒకరోజు. "వాయించేవాళ్ళ దగ్గరుంటేనే దానికి మర్యాద."

"ఇద్దువుగానిలే. అందాకా నా దగ్గర ఉండనీ" అన్నాను. ఆ గిటారు గడప దాటితే నా తమ్ముడిలో మిగిలిందేదో దానితోనే వెళ్ళిపోతుందని నా భయం.

నా ఆలోచన ఇది. తీగ కదలికను గిటారులో తీగల కింద ఉండే పికప్ అనే అయస్కాంతపు బిళ్ళ కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటును పెంచి, తీగల కిందే పెట్టిన ఇంకో కాయిల్‌కు, అంటే రాగితీగ చుట్టకు పంపితే, అది అయస్కాంతంలా తీగను లాగుతూ ఉంటుంది, ఆగబోయే ఉయ్యాలను వెనకనుంచి తోస్తున్నట్టు. దానికి కాలి కింద ఒక పెడల్ పెడితే, నొక్కి ఉంచినంతసేపూ ఒక్క మీటుకే స్వరం నిలుస్తుంది. కుడిచెయ్యి చేయలేని పని కాలు చేస్తుంది.

గిరాకీ లేనప్పుడల్లా షాపులో కూర్చుని కాయిల్ చుట్టాను. కరెంటు పెంచే సరంజామా ఒక డబ్బాలో పెట్టి, దానికి పాడైన కుట్టుమిషన్ పెడల్ తెచ్చి బిగించాను. ఆదివారం పొద్దున్నే అన్నీ వాడి ముందు పెట్టాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. వాడూ నా డబ్బాను అలాగే చూశాడు.

"ఇది పేలదు కదా?"

"పేలితే ఇద్దరం కలిసే పోదాం. నొక్కు."

మీటి, ఎడమకాలితో పెడల్ నొక్కాడు. స్వరం నిలవలేదు సరికదా, ఎవరో అరచెయ్యి అడ్డం పెట్టినట్టు మామూలు కంటే ముందే ఆగిపోయింది. మళ్ళీ మీటాడు. మళ్ళీ అంతే.

"చూశావా, నా పనైపోయిందని దానికీ తెలిసిపోయింది" అన్నాడు కళ్ళు దించుకుని. "ఇక చాలక్కా."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే వెంటనే కోపం కూడా వస్తుంది నాకు. స్క్రూడ్రైవర్ విసిరికొట్టబోతూ, దాన్ని పట్టుకున్న చేతిని చూసుకున్నాను. ఎడమచెయ్యి.

నాది పుట్టుకతో ఎడమచేతివాటం. కాయిల్‌కు అందరూ ఒకవైపు చుట్టే రాగితీగను నేను ఎదురు చుడతాను. షాపులో అయితే చివర్లో రెండు కొసలూ మార్చి అతుకుతాను. ఈసారి ఆదివారం తరుముకొస్తుంటే ఆ సంగతే మరిచాను. వెనకనుంచి తోయాల్సిన కాయిల్ ఎదురుగా నిలబడి ఉయ్యాలను ఆపేస్తోంది.

"నీ చెయ్యి కాదురా, నా చెయ్యి చేసిన ఘనకార్యం ఇది!" అన్నాను. "చిన్నప్పుడు పుర్రచెయ్యక్కా అని ఏడిపించేవాడివిగా. ఇప్పుడు నీకూ ఆ పుర్రచెయ్యే దిక్కయింది."

జబ్బు చేశాక వాడు నవ్వడం అదే మొదలు.

రెండు కొసలూ ఊడదీసి, అటుది ఇటు, ఇటుది అటు అతికాను. వాడు మీటాడు. పెడల్ నొక్కాడు.

స్వరం నిలిచింది. గదంతా నిండి, అలాగే ఉండిపోయింది. వాడి ఎడమచేతి వేళ్ళు కదిలాయి, మళ్ళీ మీటకుండానే ఆ స్వరం ఇంకో స్వరంలోకి నడిచింది. కుడిచెయ్యి ఒళ్ళో ఊరికే ఉంది. నా కళ్ళు నిండాయి, నేను దాచుకోలేదు.

అప్పుడే శిష్యురాలు వచ్చింది, భుజాన ఖాళీ గిటారు పెట్టెతో. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మాస్టారూ..."

"కూర్చోమ్మా" అన్నాడు వాడు తలెత్తకుండానే. "ఇచ్చిన మాట తప్పను. ఈ స్వరం ఆగాక తీసుకెళ్ళు."

ఆ అమ్మాయి పెడల్ మీదున్న వాడి కాలిని చూసింది. తర్వాత నన్ను చూసింది. పెట్టెను మెల్లగా గోడకు ఆనించి, కింద కూర్చుంది.

వాడు కాలు తీయలేదు.