ఒంటిమీద గుర్తులు

"చొక్కా ఎత్తు" అన్నాడు మేజరు డాక్టరు.

ఓబులయ్య ఎత్తాడు. బొడ్డు చుట్టూ నాలుగు కాలిన మచ్చలున్నాయి. డాక్టరు కుర్చీలోంచి లేవలేదు, చెయ్యి వేసి చూడలేదు. పెన్సిలుతో ఆ మచ్చలవైపు చూపించి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. గుమాస్తా జనార్దనయ్య గబగబా రాసుకుని, "జబ్బు పాతది. సైన్యంలో వచ్చింది కాదు. అప్పీలు కొట్టేశారు. పో" అన్నాడు.

"ఏంది సామీ, బర్మాలో రక్తం కక్కుకున్నానే నేను!" అంటూ ఓబులయ్య తలుపు పట్టుకున్నాడు. బంట్రోతు భుజం పట్టి ఈడ్చాడు. యుద్ధంలో మూడేళ్లు మందుగుండు పెట్టెలు మోసిన మనిషి మెట్లమీద బోర్లా పడ్డాడు.

వరండాలో కూచున్న తిరుపాలు అది చూశాడు. అది నలభై తొమ్మిదో సంవత్సరం, ఎండాకాలం. జబ్బు పేరు చెప్పి ఇళ్లకు పంపేసిన సిపాయిల అప్పీళ్లు ఆత్మకూరు ముసాఫర్ బంగళాలో మూడు రోజులపాటు వింటున్నారు. వింటున్నారని పేరు. ఇది మొదటి రోజు. తిరుపాలు వంతు మూడో రోజు. అతనికి కూచోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. అతని పొట్టమీదా అవే మచ్చలు, అతని కాగితం మీదా అదే మాట.

తప్పు తనదేనని మూడేళ్లుగా కుమిలిపోతున్నాడు. అస్సాం అడవుల్లో మలేరియా తిరగబెట్టి తిరగబెట్టి ప్లీహం వాచి కడుపులో బల్ల పెరిగింది. ఆస్పత్రిలో డాక్టరు ఈ మచ్చలేమిటని అడిగాడు. అబద్ధం చేతకాని గొర్రెలకాపరి, అటెన్షన్‌లో నిలబడి మరీ, "చిన్నప్పుడు కడుపు కోసం పెట్టిన చురకలు సార్" అన్నాడు. అంతే! పాత జబ్బని రాసి, వైకల్యం పది పర్సెంటు వేసి పంపేశారు. ఇరవై లేనిదే పెన్షన్ లేదు. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే కడుపు పట్టేస్తుంది. భార్య మస్తానమ్మ ఒక్కతే ఉదయగిరి కొండ ఎక్కి జీవాలు మేపుకొస్తుంటే, అతను గుమ్మంలో కూచుని ఎదురుచూస్తాడు. ఈ అప్పీలు ఆఖరుది. ఇదీ పోతే ఇక అడగడానికి చోటు లేదు.

ఆ మధ్యాహ్నమే పన్నెండుమంది సిపాయిలు ఖాళీగా ఉన్న సంత పాకలో చేరారు. బడిపంతులు ప్రేమానందం అందరి కాగితాలూ తీసుకుని చదివాడు.

"ఒరే, వినండి. పదకొండు మందివి పదకొండు రకాల జబ్బులు. మాట మాత్రం ఒకటే రాసినారు. పొట్టమీద మచ్చలు, పాత జబ్బు. తిరుపాలూ, నీ డిశ్చార్జి బుక్కు ఇయ్యి." మొదటి పేజీ తీసి వేలు పెట్టాడు. "సైన్యంలో చేర్చుకున్న రోజు ఏం రాసినారో తెలుసునా? ఒంటిమీద గుర్తులు, పొట్టమీద నాలుగు కాలిన మచ్చలు. ఆరోగ్యం భేషుగ్గా ఉండాది."

"అంటే?"

"చేర్చుకునే రోజు ఇవి గుర్తులు. పంపేసే రోజు జబ్బు."

తిరుపాలుకు ఒళ్లు మండింది. మూడేళ్లుగా తనను తాను తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా వాళ్లమీదికి తిరిగాయి.

మోకాలి కింద కాలు లేని పెంచలనరసయ్య మాత్రం కర్ర అందుకుని లేచాడు. "మీ గొడవలోకి నన్ను లాగొద్దబ్బా. నా కాలు వాళ్లకు కనపడతానే ఉండాది. నాకు పర్సెంటు పెంచుతారు. గుమాస్తాకు నెయ్యి కూడా ఇచ్చినాను."

"నేనూ ఇచ్చినాన్రా నెయ్యి" అన్నాడు ఓబులయ్య, గీరుకుపోయిన మోచెయ్యి తుడుచుకుంటూ. "మెట్లమీద పడేసినారు."

"ఒక్కొక్కడే పోతే చొక్కా ఎత్తమంటారు" అన్నాడు తిరుపాలు. "ఊళ్లకు ఊళ్లే పోయి ఎత్తితే ఏం జేస్తారో చూద్దాం."

మూడో రోజుకు ఉదయగిరి నుంచి, వింజమూరు నుంచి బస్సుల్లో, బండ్లమీద జనం దిగారు. నలుగురికి మించి గుమికూడరాదని సర్కారు దండోరా వేయించింది. అది విన్నవాళ్లే ఎక్కువమంది వచ్చారు.

తిరుపాలు వెంట అతని అవ్వ శీనమ్మ నడిచింది. ఉదయగిరిలో మూడు వీధుల బిడ్డలకు ఆవిడే మంత్రసాని. నా చేత్తోనే నా మనవడి నోటికాడి కూడు తీసినానా అని రెండు రోజులుగా ఆవిడ అన్నం ముట్టలేదు.

తిరుపాలు బుక్కు తెరిచి మేజరు ముందు పెట్టాడు. సైన్యంలో నేర్చిన హిందుస్తానీలోనే అడిగాడు. "తీసుకునేటప్పుడు లేని జబ్బు, పంపించేటప్పుడు పాతది ఎట్లా అయింది సాబ్?"

మేజరు బుక్కు మూసేశాడు. "డాక్టరు నువ్వా, నేనా?"

శీనమ్మకు ఆ మాట అర్థం కాకపోయినా ఆ ముఖం అర్థమైంది. "చురకలు పెట్టింది నేను నాయనా! జబ్బొచ్చి కాదు, రాకుండా! పుట్టిన పదకొండో నాడు పసుపుకొమ్ము కాల్చి ప్రతి బిడ్డకూ పెడతాం." గిర్రున గుమాస్తావైపు తిరిగింది. "జనార్దనా, నీకు పెట్టింది ఎవురురా? మీ అమ్మ దేవకమ్మ ఒళ్లో కేరుమన్నావే, మర్చిపోయినావా? ఎత్తు చొక్కా!"

గుమాస్తా తర్జుమా చేయలేదు. అతని చెయ్యి మాత్రం తనకు తెలియకుండానే పొట్టమీదికి పోయింది.

వరండాలో చొక్కాలు లేచాయి. రైతులవి, కాపరులవి, అంగళ్లు మూసి వచ్చిన శెట్లవి. ఎవరి పొట్ట చూసినా అవే నాలుగు మచ్చలు. అదే సమయానికి బంట్రోతు పెంచలనరసయ్య పేరు పిలిచాడు. పెంచలనరసయ్య ఆ పొట్టలవంక చూసి, కర్ర ఊనుకుంటూ వచ్చి గుమ్మానికి అడ్డంగా కూచున్నాడు.

"నేను రాను. ముందు వీళ్ల సంగతి తేల్చండి."

మేజరు పోలీసులను కేకేశాడు. లాఠీలు లేచాయి. పన్నెండుమందినీ స్టేషనుకు ఈడ్చుకుపోయారు.

స్టేషను రైటరు రిజిస్టరు తెరిచాడు. "పేరు?"

"తిరుపాలు."

"ఒంటిమీద గుర్తులు?"

తిరుపాలు నవ్వాడు. మూడేళ్లలో అదే మొదటి నవ్వు. చొక్కా ఎత్తాడు. "పొట్టమీద నాలుగు చురకలు. పుట్టిన పదకొండో నాడు పెట్టినయ్యి, జబ్బుకు కాదు. ఉన్నదున్నట్టు రాయి సామీ. రేపు ఈ పేజీకే నకలు అడగతాం, మీ రాతే మాకు సాక్ష్యం."

రైటరు వంగి ఆ మచ్చలు చూశాడు. తర్వాత రాశాడు. రెండోవాడికీ అదే రాశాడు, మూడోవాడికీ అదే. ఓబులయ్య వంతు వచ్చేసరికి బయట గోల లేచింది. రైటరు కిటికీలోంచి చూశాడు. బజారు పొడుగునా జనం బారు తీరి నిలబడి ఉన్నారు. ముందు మస్తానమ్మ, చేతిలో జీవాలు తోలే కర్రతో.

"మాకూ ఉండాయి చురకలు. మా పేర్లూ రాసుకోండి" అని తలుపు బాదింది.

రైటరు రిజిస్టరులో మిగిలిన పేజీలు లెక్కపెట్టుకున్నాడు. చాలవు. బారు చివర, ఎవరివైపూ చూడకుండా, గుమాస్తా జనార్దనయ్య నిలబడి చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు.