వరివెన్నుల సిలువ

చల్లపల్లి పక్కన ఆ పల్లెలో సువార్తమ్మ నోటికి జడవని మనిషి ఆమె మొగుడు బాలశౌరి ఒక్కడే. ఆ బాలశౌరి కాస్తా వానాకాలంలో జ్వరమొచ్చి పోయాడు. పోయినవాడి మీద ఏ రాయి పెట్టాలన్న దగ్గర గొడవ మొదలైంది.

బాలశౌరి కూలి సంఘం మనిషి. పెళ్ళికీ పిల్లల జ్ఞానస్నానాలకీ తప్ప చర్చి గడప తొక్కింది లేదు. అందుకని చర్చి పెద్ద ఇన్నయ్య, "సమాధుల తోటలో చోటిచ్చాం, అదే ఎక్కువమ్మా. సిలువ మాత్రం పెట్టొద్దు" అన్నాడు. సంఘం నాయకురాలు రామతులసి వచ్చి, "సిలువెందుకు వదినా, సుత్తీ కొడవలీ చెక్కించి మేం పెడతాం" అంది. చచ్చిపోయాక ఆ మనిషి మీద అందరికీ హక్కు పుట్టుకొచ్చింది, కాపరం చేసినదానికి తప్ప. సువార్తమ్మకు ఒళ్ళు మండిపోయింది.

ఆయనకేం కావాలో ఆమెకు తెలుసు. సోవియట్ పుస్తకాల వ్యాను చల్లపల్లి వచ్చిన రోజుల్లో బాలశౌరి ఓ పెద్ద బొమ్మల పుస్తకం కొన్నాడు. ఆర్మేనియా, జార్జియాల పాత శిథిలాల ఫొటోలు, కింద తెలుగులో నాలుగు ముక్కలు. తర్వాత ఆ సోవియట్ దేశమే ముక్కలైంది, వ్యానూ రావడం మానేసింది. పుస్తకం మాత్రం ఆయన తలగడ కిందే ఉండేది. జార్జియాలో రెండు నదులు కలిసేచోట కొండ మీదున్న రాతి గుడి చూపించి, "మన గుణదల కొండ లాగా లేదటే?" అని ఆటపట్టించేవాడు.

ఆర్మేనియా పేజీల దగ్గర మాత్రం వేళాకోళం ఉండేది కాదు. కప్పు కూలిన గుళ్ళ పక్కన, గడ్డిలో, నిలువెత్తు సిలువ రాళ్ళు. సిలువ మీద యేసు బొమ్మ లేదు. దాని పాదం దగ్గర తీగెలు మొలిచి రెండు పక్కలా పైకి పాకుతుంటాయి. "రాజులు పోయారు, కోటలు కూలినయ్యి, ఇయ్యి మాత్రం ఎండకీ వానకీ నిలబడే ఉన్నాయి చూడు. చెక్కినోడి పేరు ఎవుడికీ తెలవదు, చెయ్యి మాత్రం కనపడుతుంది. నేను పోతే ఇలాంటిది పెట్టవే" అనేవాడు. ఆ మాట నవ్వుతూనే అన్నాడు గానీ, సువార్తమ్మ నవ్వలేదు.

ఆ పుస్తకం చంకన పెట్టుకుని ఆమె బెజవాడ బస్సెక్కింది. గుణదల దారిలో రోళ్ళూ సన్నికళ్ళూ చెక్కే కాశిం ఫొటోను చాలాసేపు చూశాడు.

"ఈ తీగెకి ద్రాక్ష గుత్తులున్నాయమ్మా. అయ్యే చెక్కమంటారా?"

"మా ఊళ్ళో ద్రాక్షెక్కడ పండుద్ది బాబూ? వరివెన్నులు పెట్టు. ఆయన పుట్టినకాణ్ణించీ కోసినయ్యి అయ్యే."

కాశిం మనసు పెట్టి చెక్కాడు. నడుమ సిలువ. దాని పాదం నుంచి లేచిన రెండు వరి దుబ్బులు పెనవేసుకుంటూ పైకి పోయి, గింజల బరువుకు వంగిన వెన్నులై రెండు పక్కలా వాలాయి. సువార్తమ్మ ఎవరినీ అడక్కుండా రాయిని ట్రాక్టరు మీద తెచ్చి, సమాధుల పండగ నాడు పొద్దున్నే పాతించేసింది.

సాయంత్రం ఊరంతా కొవ్వొత్తులూ బంతిపూలూ పట్టుకుని తోటకు వచ్చింది. ఇన్నయ్య ఆ రాయిని చూసి నోరు వెళ్ళబెట్టాడు. వంగిన వెన్నులు ఆయన కంటికి పడగల్లా కనిపించాయి, గింజలు పొలుసుల్లా కనిపించాయి.

"ఇది సిలువా? పాములు పెనేసుకున్న నాగరాయి. క్రైస్తవుల తోటలో నాగరాజుని పెడతావా?" అని కేకలేసి, గుంతలు తవ్వే జక్కయ్యను పిలిపించాడు. "పెకలించెయ్యరా."

జక్కయ్య గునపంతో వచ్చాడు. నాగరాయి అన్నమాట వాడి చెవినా పడింది. చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు. "నా వల్ల కాదండీ. పిల్లలు గలవాణ్ణి. నాగులచవితి కూడా దగ్గరకొచ్చింది" అని గునపం అక్కడే పారేశాడు.

సువార్తమ్మ ఆ గునపం తీసి ఇన్నయ్య చేతికే ఇచ్చింది.

"పామంటే జక్కయ్య ముట్టడు. సిలువంటే మీరు ముట్టకూడదు. అది సిలువ కాదని ఇంతమందిలో ఒక్క మాట చెప్పి పొడవండి, అన్నయ్యగారూ. నేను అడ్డం రాను."

ఇన్నయ్య రాయి వంక చూశాడు. ఎంత వద్దనుకున్నా నడుమ సిలువే కనపడింది. ఆయన భార్య శౌరమ్మ మొగుడి ముఖమైనా చూడకుండా వంగి, తన చేతిలోని కొవ్వొత్తిని ఆ రాయి పాదం దగ్గర వెలిగించి పెట్టింది. ఇన్నయ్య గునపం దించాడు.

"ఈ పక్క చోటు నాది. నేను పోయాక ఇలాంటిదే ఇంకోటి వస్తుంది. అప్పుడూ రండి" అంది సువార్తమ్మ.

సంగతి తెలిసి రామతులసి పరుగున వచ్చింది. రాయంతా తడిమి చూసి, చిన్నబుచ్చుకుని అడిగింది. "మరి కొడవలేది వదినా?"

సువార్తమ్మ మట్టి మీద అరచెయ్యి ఆనించింది. అంత్యక్రియల నాడు కూడా రాని ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది.

"పట్టినోడు కిందే ఉన్నాడుగా, తులసీ. కోసినయ్యే పైనున్నాయి."