అమ్మ కూర్చునే రాయి

ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే సగం నోట్లోంచి, సగం ముక్కులోంచి వచ్చాయి. గురుబారి కొంగుతో ముక్కు తుడుచుకుని ఇంకో గుక్క పోసుకుంది. ఈసారి తల వెనక్కి వాల్చకుండా, పసిపిల్లకు పాలు పట్టినంత నెమ్మదిగా పట్టింది. ఉమ్మిన నీళ్ళలో ఎర్రటి జీర కనిపించింది. కాలితో మట్టి తోసి దాన్ని కప్పేసింది. చూడకపోతే లేనట్టే అనుకునే మనిషి కాదు గానీ, పొద్దున్నే చూసి చెయ్యగలిగేది ఏమీ లేదని తెలిసిన మనిషి.

తర్వాత చుట్ట. ముట్టించి, ఒక దమ్ము మామూలుగా లాగి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెదాలు మూసింది. దీన్నే అడ్డపొగ అంటారు. ఈ వైపు పల్లెల్లో పెద్ద ఆడవాళ్ళు చాలామందికి అలవాటు. నిప్పు ఆరకుండా, నాలిక కాలకుండా, పక్కింటావిడతో తగువు కూడా పడుతూ కాల్చగలరు. గురుబారి అలా కాలుస్తూనే కూనిరాగం తీసేది. ఇప్పుడు నిప్పు తగిలితే అంగిలి భగ్గుమంటోంది. అయినా మానలేదు. రాగం మాత్రం మానేసింది. ఆదివారం దాకా గొంతు దాచుకోవాలి.

ఆవిడ ఉండేది గజపతినగరంలో, హరిబాబు షెడ్డు వెనక రేకుల గదిలో. షెడ్డులో ఒక పక్క మైకుసెట్టు పెట్టెలు, ఇంకో పక్క శవాల్ని తీసుకెళ్ళే బండి. బండి నుదుట 'వైకుంఠ రథం' అని పసుపు అక్షరాలు. షెడ్డు నేల రోడ్డు వైపు వాలు, బండికేమో బ్రేకు నిలవదు. అందుకని హరిబాబు వెనక చక్రం కింద ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం పెడతాడు. ఇవాళ గురుబారి బయటికొచ్చి చూసేసరికి ఆ చక్రం కింద ఉన్నది ఆవిడ రాయి.

“ఒరే హరీ, తియ్యిరా దాన్ని,” అంది. మాట ముక్కులోంచి వచ్చింది. “మా యమ్మ కూసునే రాయిరా అది.”

హరిబాబు నాలిక్కరుచుకున్నాడు. నలభై దాటినవాడు, అయినా చిన్నప్పట్నుంచీ అప్పా అని పిలిచే ఈ అక్క ముందు ఇంకా చిన్నవాడే. “సీకట్లో సేతికి దొరికింది, పెట్టీసినానప్పా. నీ రాయని ఎరగను.” ఇటుక ముక్క ఒకటి వెతికి తెచ్చి చక్రం కింద తోసి, రాయిని రెండు చేతులా ఎత్తి గోడకు ఆనించాడు. “ఇంత బరువున్నాది. దీన్ని మోసుకుని కొండెక్కుతావేటి?”

“నువ్వు బస్సెక్కించు సాలు. పైన నాను సూసుకుంటాను.”

మూరెడు కూడా ఉండదు ఆ రాయి. ఒక వైపు గుండ్రం, ఒక వైపు చదును. వానలు వెనకబట్టాక, చంపావతి ఏటి ఒడ్డున ఎవరి శవం ముందో పాడి తిరిగొస్తుంటే ఇసకలో కనిపించింది. పొయ్యి ముందు వంగి కూర్చున్న అమ్మ వీపు గుర్తొచ్చి, అక్కడే చతికిలబడి ఏడ్చింది. పొద్దుటి నుంచీ పరాయివాళ్ళ కోసం ఏడ్చి ఏడ్చి ఉంది, అయినా ఏడుపు మిగిలే ఉంది.

తల్లి సొంబారి ఈ వానల్లోనే పోయింది. ఊరు గుమ్మలక్ష్మీపురం దాటి కొండెక్కితే వస్తుంది. అక్కడి సవరలు కోతలయ్యాక, ఆ ఏడు పోయినవాళ్ళ పేరున రాయి నిలుపుతారు. రాయి ముందు కూర్చుని పాడాలి. ఒక వరస బతికున్నవాళ్ళ ప్రశ్న, ఒక వరస పోయినవాళ్ళ జవాబు, రెండూ ఒక్క గొంతే పాడాలి. ఆ పాట ఎత్తితే పోయిన మనిషి ఎంత దూరాన ఉన్నా వస్తుంది. వచ్చిన మనిషికి కూర్చోడానికే రాయి. రాయి నిలపని చోట ఆ పాట నోట పలకకూడదు. పలికితే, మనిషిని పిలిచి వాకిట్లో నిలబెట్టి తలుపేసుకున్నట్టు. ఆ పాట వచ్చినవాళ్ళలో ఇక మిగిలింది గురుబారి ఒక్కతే. తక్కినవాళ్ళు పోయారు, ఉన్నవాళ్ళు చర్చిలో పాటలు పాడుకుంటున్నారు. “నీ ఇష్టం అత్తా, పాడుకుంటే నువ్వే వొచ్చి పాడుకో,” అన్నాడు తమ్ముడి కొడుకు.

అందుకే ఆదివారం కొండెక్కి, రాయి నిలిపి పాడాలనుకుంది. విజయనగరం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నోట్లోకి లైటు వేసి చూసి, పుండు అంగిలికి కన్నం పెట్టి ఎముకలోకి పోయింది, అంగిలి తీసెయ్యాలి, తీశాక పాటలు ఇక కుదరవు అంది. ఆదివారం వెళ్ళాక వస్తానని గురుబారి చెప్పి వచ్చేసింది. ఆ ఆదివారం ఏమిటో డాక్టరమ్మ అడగలేదు, ఈవిడ చెప్పలేదు.

ఈ గొంతుకు ఒకప్పుడు వేరే పేరుండేది. సంతలో చింతపండు అమ్ముతూ పాడుకుంటున్న కొండపిల్లను హరిబాబు తండ్రి విని, తన ఆర్కెస్ట్రాలోకి తెచ్చాడు. గురుబారి అంటే పోస్టరు మీద బాగోదని గౌరి చేశాడు. పల్లెకోయిల గౌరి. కేసెట్టు అట్ట కోసం చేతిలో వరినారు పెట్టి మడిలో నిలబెట్టారు. పోడులో సామలూ కందులూ తప్ప ఎరగని పిల్ల. మోకాలి దాకా బురద అంటే భయపడి ఏడ్చింది, ఫొటోలో మాత్రం నవ్వింది. అప్పట్నుంచి ఏళ్ళ తరబడి అమ్మోరి సంబరాల్లో, పెళ్ళిపందిళ్ళలో, రామతీర్థం తిరునాళ్ళలో ఊడుపుల పాటలూ, బావ మీద పాటలూ, మావిడితోపు పాటలూ పాడింది. మైకు పోయినా వెనక వరసకు వినిపించేది. తనది కాని మడి గురించి, తనకు లేని బావ గురించి అంత సంబరంగా ఎలా పాడేదో, ఇప్పుడు తలుచుకుంటే ఆవిడకే వింత.

రిహార్సల్సు సుభద్రమ్మ గారి కళ్ళంలో జరిగేవి. వరి పండించుకునే ఇంటి ఇల్లాలు, నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. కొండ మీద బెంగతో అన్నం ముట్టని పిల్లకు తన చుట్ట విరిచి సగం ఇచ్చి, నిప్పు లోపలికి ఎలా పెట్టుకోవాలో నేర్పింది ఆవిడే. “కాల్సుకోయే. గుండెలో సలి పోతాది,” అంది. చలి పోయిందో లేదో గానీ, చుట్ట ఉండిపోయింది.

తర్వాత డీజేలు వచ్చాయి. ఆర్కెస్ట్రా మూలపడింది. గౌరి గొంతు పైకి వెళ్ళబోయి మధ్యలో విరగడం కూడా అప్పుడే మొదలైంది. హరిబాబు తండ్రి పోయినరోజు ఎవరో పాడమంటే శవం ముందు పాడింది. ఆ విరిగిన గొంతుకు వీధి వీధంతా ఏడ్చింది. కోయిలగా ఉన్న రోజుల్లో ఈలలు వేశారు గానీ ఒక్కరూ ఏడవలేదు. హరిబాబు ఆర్కెస్ట్రా వ్యాను సీట్లు పీకించి శవాల బండి చేశాడు. గౌరి చావుపాటలకు కుదురుకుంది. పాటలు తనే కట్టేది, పోయినవాళ్ళ పేరు అందులో ఇరికించేది. పేరు ఎవరిదైనా దిగులు మాత్రం ఆవిడదే. బతుకులో మొదటిసారి తన పాటలు తను పాడుతున్నాననిపించింది. దానికి బదులు పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. పొద్దున్నే ఎదురైతే జనం పక్కకు తప్పుకునేవారు. శవాల గౌరి అని పేరు మళ్ళీ మారింది.

హరిబాబు ఫోను మాట్లాడి వచ్చి, చెప్పడానికి మొహమాటపడుతూ నిలబడ్డాడు.

“అప్పా, సుభద్రమ్మగారు పోయినారట. నిన్ను తెమ్మంతన్నారు.”

గురుబారి నోట్లోంచి చుట్ట తీసింది. “ఆదివారం దాకా పాడనని సెప్పలేదేటి?”

“సెప్పినాను. ఆవిడ కొడుకు గణపతిరావుగారు ఇన్లేదు. గౌరి పాడకపోతే నన్ను గుమ్మం దాటించొద్దని సెప్పిందట ముసల్ది. నాకేటి సెయ్యాలో తెలవట్లేదప్పా.”

ఆవిడ గోడకున్న రాయి వైపు చూసింది. గదిలోకి వెళ్ళి, ఆకులో చుట్టి దాచిన కొండ తేనెమైనం ముద్ద తీసింది. ఆదివారం కోసం దాచిన ముద్ద అది. వేళ్ళ మధ్య మెత్తగా నలిపి, అంగిట్లో కన్నం మీద అద్దింది. అది ఉన్నంతసేపు మాట మాటలా వస్తుంది.

“ఒక్క పాటేరా,” అంది. ఆ మాట చక్కగా నోట్లోంచే వచ్చింది.

సుభద్రమ్మను పసుపు రాసి, ఎర్రచీర కట్టి, బండిలో పడుకోబెట్టారు. దవడ చుట్టూ గుడ్డ కట్టడం వల్ల ఆవిడ మొట్టమొదటిసారి నోరు మూసుకుని కనిపించింది. గురుబారి బండి వెనక మైకు పట్టుకుని నడిచింది. 'లెగమ్మా సుభద్రమ్మా, లెగిసి నీ వాకిలి సూసుకో. పాలకుండ పొంగుతన్నాది, పొయ్యి నిన్నే అడుగుతన్నాది' అని ఎత్తుకుంది. గొంతు కావలసిన చోట విరిగింది, కావలసిన చోట నిలబడింది. ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడ్డారు. గురుబారికీ కళ్ళు నిండాయి. తనకు అన్నం పెట్టిన మనిషి, తన నోట్లో నిప్పు పెట్టిన మనిషి, ఇద్దరూ ఒక్కరే. కోపం ఎటూ తెచ్చుకోలేకపోయింది.

ఏటి దారి తిరిగేసరికి నోట్లో రక్తం రుచి తగిలింది. ఎండకూ, అరుపుకూ మైనం మెత్తబడింది. చితి దగ్గర శవాన్ని దించేటప్పటికి అది జారి నాలిక మీదకు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని ఉమ్మేసింది. దానితో పాటు చాలా రక్తం వచ్చింది.

“ఆకరి పాట, గౌరమ్మా,” అన్నాడు గణపతిరావు. అరవై ఏళ్ళ మనిషి, తడిబట్టలతో వణుకుతున్నాడు.

ఆవిడ చితి పక్కన ఇసకలో కూర్చుని ఎత్తుకుంది. స అనబోతే గాలి వచ్చింది, భ అనబోతే ముక్కులో హోరు వచ్చింది. సుభద్రమ్మ పేరు ఎంత ప్రయత్నించినా పేరులా రాలేదు. వెనక ఎవరో కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. గణపతిరావు ముఖం చూసి గురుబారి సిగ్గుతో చచ్చిపోయింది. తల్లి చివరి కోరికను వెక్కిరించినట్టు అయింది కదా అనుకుంది. ఆపి వెళ్ళిపోతే ముసలావిడను దారిలో వదిలేసినట్టే. నోట్లోంచి ఇక రాగలిగినవి పొడుగాటి అచ్చులు మాత్రమే. అచ్చుల్లోనే సాగే పాట ఆవిడకు ఒక్కటే తెలుసు.

అది మొదలయ్యాక గానీ ఏ పాటో ఆవిడకే తెలియలేదు. తెలిశాక ఆపాలనుకుంది. గొంతు ఆగలేదు. చిన్నప్పటి గొంతు, సంతలో గొంతు, మైకు అక్కర్లేని గొంతు ఎక్కడినుంచో వచ్చి పట్టుకుంది. అమ్మా, ఏ దారిన వచ్చావు అని మొదటి వరస అడిగింది. రెండో వరస సొంబారిది. పోయినవాళ్ళు వచ్చాక మొట్టమొదట అడిగేది ఒక్కటే: చాలా దూరం నడిచొచ్చాను, కాళ్ళు నొస్తున్నాయి, ఎక్కడ కూర్చోను? అక్కడ పాడేవాళ్ళు రాయిని చేత్తో తట్టి చూపించాలి. అలవాటుగా గురుబారి చెయ్యి కిందికి వెళ్ళి తట్టింది. చేతికి ఇసక తగిలింది.

ఆవిడ ఆగిపోయింది. జనం ఇంకా ఏడుస్తున్నారు. ఎవరో ఫోనులో తీస్తున్న కుర్రాడు దగ్గరికొచ్చి అడిగాడు.

“ఏ బాసప్పా అది? సానా బాగున్నాది. మల్లీ పాడవా?”

గురుబారి వాడికి జవాబు చెప్పకుండా హరిబాబు చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ మాటలు ఇప్పుడు అతనొక్కడికే అర్థమవుతాయి.

“రాయి తేవాలిరా. బేగి ఎల్దాం.”

“ఇక్కడికేటి? ఆదివారం కొండ మీద కదా అన్నావు.”

“తప్పు సేసినాను. ఇక్కడికి పిలిసీసినాను. వొచ్చీసింది మా యమ్మ. నిలబడుంది.”

హరిబాబు ఇసక వైపు చూశాడు. చితి చుట్టూ జనం, అవతల సన్నగా నీళ్ళు. అతనికి నమ్మకం ఏమీ లేదు. కానీ ఈవిడ ముఖంలో అంత భయం ఎప్పుడూ చూడలేదు. “ఎక్కప్పా, తెచ్చీద్దాం,” అన్నాడు.

ముందు సీట్లో కూర్చుని ఆవిడ కొంగు నోటికి అదుముకుంది. రైలు గేటు దగ్గర బండి ఆగింది. “బేగి, హరీ,” అంది ఒకసారి. గూడ్సు చాలాసేపు వెళ్ళింది. ఆ సందులో హరిబాబు రేపటి శవం వాళ్ళతో ఫోను మాట్లాడుకున్నాడు. షెడ్డు ముందు బండి ఆపి, దిగి, చక్రం కింద ఇటుక పెట్టి వచ్చి ఆవిడ వైపు తలుపు తీశాడు.

“దిగప్పా. రాయెక్కించీనా?”

ఆవిడ దిగలేదు. భుజం పట్టి కదిపితే తల పక్కకు వాలింది. కొంగు రక్తంతో తడిసి బరువుగా ఒళ్ళో పడింది.

కొండ మీదికి ఫోను చేస్తే తమ్ముడి కొడుకు, ఇంత దూరం తెచ్చి ఏం చేస్తారు, అక్కడే కానిచ్చెయ్యండి అన్నాడు. మర్నాడు అదే బండిలో, అదే దారిలో తీసుకెళ్ళారు. పాడేవాళ్ళు లేరు. హరిబాబు పాత కేసెట్టు నుంచి ఎక్కించుకున్న ఆవిడ పాట పెట్టాడు. ఊడుపుల పాట అది, నవ్వు ఆపుకోలేని పిల్ల పాడినట్టుంది. వెంట వచ్చిన నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను ఆపేశాడు. మిగతా దారంతా బండి చప్పుడు తప్ప ఏమీ లేదు.

రాయిని ఏటికి తీసుకెళ్ళాలని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు. ఇసకలో ఎక్కడ పెట్టాలో, పెట్టి ఏమనాలో తెలియలేదు. అడగడానికి తెలిసిన మనిషి ఎవరూ మిగల్లేదు. కొన్నాళ్ళకు బండి బరువుకు ఇటుక చితికిపోయింది. బండి రోడ్డు వైపు జారబోతే, హరిబాబు ఒక చేత్తో బండిని ఆపుతూ, రెండో చేత్తో గోడ పక్కనున్నది లాగి వెనక చక్రం కింద పెట్టాడు. చదునుగా ఉన్న వైపు టైరుకు సరిగ్గా సరిపోయింది.