మెట్ల కింది గోంగూర

ల్యాబ్ రిపోర్టు వచ్చిందని సాయి ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. "గంజాయి కాదని తేల్చేశారట లేఖా. ఉత్త ఆకుకూరేనట. కేసు కొట్టేశారు" అన్నాడు.

పెనం మీద దోసె మాడుతున్నా పట్టించుకోకుండా వంటింట్లోనే రెండు గంతులు వేశాను. పెళ్ళయి నాలుగు నెలలు. కువైట్‌లో నా సంతోషాలన్నీ ఆ వంటింటి గట్టు దగ్గరే జరిగాయి. మొదటిసారి పూరీ పొంగినా అక్కడే, సాయి వెనకనుంచి వచ్చి కళ్ళు మూసినా అక్కడే. ఇప్పుడు వాటన్నిటికంటే పెద్ద సంతోషం ఇది. ఎనిమిది రోజులుగా పోలీసుల దగ్గరున్న భూమేశ్ ఇంటికొస్తాడు.

భూమేశ్ మా బిల్డింగ్ హారిస్. మెట్లు తుడవడం, చెత్త దించడం, నీళ్ళ మోటారు చూసుకోవడం అతని పని. ఊరు జగిత్యాల దగ్గర. అతని భార్య భాగ్య జాబ్రియాలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. వెంటనే ఆమెకు ఫోన్ చేశాను.

"మెల్లగ చెప్పుండ్రి మేడం, మామా పండుకుంది" అంది. ఆ ఇంటి యజమానురాలిని ఆమె మామా అంటుంది.

చెప్పాను.

"మల్ల చెప్పుండ్రి."

మళ్ళీ చెప్పాను.

"ఇంకోపాలి" అంది. మూడోసారి చెప్పేసరికి ఏడుస్తోంది. "అయితె శుక్రారం రూమ్‌కు రావచ్చా?"

"రావచ్చు" అన్నాను, నాకేదో తెలిసినట్టు.

వాళ్ళ కాపురమంతా శుక్రవారమే. మధ్యాహ్నం రెండింటికి ఆమె ఎగైలాకు, మా బిల్డింగ్ మెట్ల కింది గదికి వచ్చేది. ఆరింటికి మళ్ళీ వెళ్ళిపోవాలి. ఆ నాలుగు గంటలూ అతనే వండేవాడు, ఆమె వంక పెట్టేది. "ఉప్పు బస్త గుమ్మరిచ్చినవా ఏంది?" అంటే, "వారమంత మామా వంట తిని నీ నాలుకనే సచ్చింది" అనేవాడు. మొదటి అంతస్తులో ఉండే మాకు అంతా వినిపించేది. పెళ్ళయి పదకొండేళ్ళయ్యాక మనమూ ఇలాగే పోట్లాడుకోవాలని సాయికి చెప్పాను.

సాయికి గోంగూరంటే ప్రాణం. ఇక్కడ కొట్లో దొరికేది వాడిపోయి వస్తుంది. విజయవాడ నుంచి వచ్చేటప్పుడు గాజుల పెట్టెలో విత్తనాల పొట్లం వేసుకొచ్చాను. తీరా చూస్తే మాది ఒక్క గది, కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. ఎండ అనేదే లేదు. అందుకని అల్ రాయ్‌లో ఒక గోడౌన్ కొట్లో మొక్కలకు వేసే ఎల్ఈడీ లైటు కొన్నాం. పలక అంత ఉంటుంది, వేస్తే ఊదారంగు వెలుతురు. మొదట బట్టల అల్మారాలో వేలాడదీశాను. తలుపు తీస్తే సాయి చొక్కాలన్నీ వంకాయల్లా కనిపించేవి. లైటు మరీ ఎత్తులో ఉండి మొలకలు దారాల్లా సాగి పడిపోయాయి. జానెడు దూరానికి దించాక నిలబడ్డాయి. కానీ మా బట్టలకు చోటు పోయింది.

"నా రూమ్‌ల పెట్టుండ్రి మేడం. పొద్దంత నేను రూమ్‌ల ఉండనే ఉండ" అన్నాడు భూమేశ్. "మేం పుంటికూర అంటం. భాగ్యకు గూడ పానమే."

ఆ గదిలో గోడలకు వెండిరంగు కాగితం అంటించాం. కాడలు గట్టిపడాలని చిన్న ఫ్యాను పెట్టాం. పొద్దున్న ఆరింటికి వెలిగి రాత్రి ఎనిమిదింటికి ఆరేలా టైమరు బిగించాం. అంతా వీడియోల్లో చూసి నేర్చుకున్నాను. అందులో చేతులకు తొడుగులు వేసుకున్న మనిషి తను పెంచేది ఏ మొక్కో ఒక్కసారీ చెప్పలేదు. నేను టమాటా అనుకున్నాను.

నెల తిరిగేసరికి నడుమెత్తు పెరిగాయి. ఎర్ర కాడలు, అయిదు వేళ్ళుగా చీలిన ఆకులు. నా సంబరానికి హద్దు లేదు. ఊదా వెలుతురులో ఫొటో తీసి బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషులో పెట్టాను: 'ఇక్కడే పెంచిన తాజా ఆకు. కావలసినవాళ్ళు మెట్ల కింది గదిలో భూమేశ్‌ను అడగండి. డబ్బులక్కర్లేదు.' మా ఊళ్ళో అయితే గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఇక్కడ నలభై ఇళ్ళలో గోంగూర మొహం చూసినవాళ్ళు నలుగురు కూడా లేరు.

మూడోరోజు పోలీసులొచ్చారు. మొక్కలు, లైటు, కాగితం, ఫ్యాను, వాటితోపాటు భూమేశ్. నేను చెప్పులు కూడా లేకుండా కిందికి పరిగెత్తి, అది కూర అని, తింటామని చెప్పాను. ఎవరూ తల తిప్పలేదు. సాయి స్టేషన్‌కు వెళ్ళి మొక్కలు మావేనని రాసిచ్చాడు. సంతకం తీసుకుని, రిపోర్టు వచ్చేదాకా దేశం దాటొద్దని పంపేశారు. భూమేశ్‌ను మాత్రం ఎందుకు వదల్లేదో అడగాలని మాకు తోచలేదు. నేను మెసేజ్ తీసేశాను. ఎవరో చాడీ చెప్పారని మాత్రమే భాగ్యకు చెప్పాను.

సాయంత్రం సాయి బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. అతని ఆఫీసులో ఇఖామా పనులు, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డుల పనులు చూసే సైఫుల్లా భాయ్ స్టేషన్‌కు వెళ్ళొచ్చాడట.

"కేసు పోయింది లేఖా. కానీ కాగితాలు చూశారు. భూమేశ్‌కు వీసా ఇచ్చిన కఫీల్ ఎక్కడో పొలం ఉన్నవాడు. ఇఖామా అతని పేరు మీద ఉంది. పని చేస్తున్నదేమో ఇక్కడ. పంపించేస్తున్నారు."

"మళ్ళీ వీసా తీసుకుని వస్తాడుగా?"

"వేలిముద్రలు తీసుకున్నారు. ఇంక రానివ్వరు. ఎల్లుండి విమానం."

"మరి భాగ్య?"

"ఆమె కాంట్రాక్టు మొన్ననే రెండేళ్ళకు రాయించుకున్నారు కదా, అప్పటిదాకా వదలరు." వంగి బూట్లు విప్పసాగాడు. "'ఆకు కోసం వచ్చారు, మనిషి దొరికాడు' అన్నాడు సైఫుల్లా భాయ్. రేపు పదింటికి బట్టల పెట్టె ఇవ్వొచ్చట. అయిదు నిమిషాలు చూడనిస్తారట."

సాయి తను చెబుతానన్నాడు. వద్దని నేనే ఫోన్ తీసుకున్నాను.

"మల్ల చెప్తందుకు చేసిండ్రా మేడం?" అంది భాగ్య నవ్వుతూ.

చెప్పాను. ఈసారి మళ్ళీ చెప్పమనలేదు. వెనక గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"పోలీసోల్లకు ఎవలు చెప్పిండ్రో ఎరుకైందా?"

"చెప్పిందెవరో తెలీదు. అందరికీ తెలిసేలా రాసింది మాత్రం నేనే భాగ్యా." మెసేజ్ సంగతి మొత్తం చెప్పాను.

"ఆయిన పేరు రాసిండ్రా?"

"రాశాను."

"రూమ్ గూడ?"

"రాశాను."

"ఎందుకు?"

"అందరికీ పంచుదామని."

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది.

"ఆయినకు చెప్పకుండ్రి" అంది. "మీరంటె ఆయినకు మంచిగనిపిస్తది. అట్లనే పోనియ్యుండ్రి."

క్షమించమని అడగబోయాను. లోపల ఎవరో ఆమెను పిలిచారు. వస్తున్నానని అరబ్బీలో బదులు చెప్పి, గొంతు తగ్గించింది.

"మామాను రెండు గంటలు అడుగుత. ఆయిన బట్టలు మీరే సర్దుండ్రి. తొవ్వల నాతోని ఏం మాట్లాడకుండ్రి. రేపు తొమ్మిదింటికి కారు తీస్కొని రాండ్రి, గేటు కాడ నిలవడి ఉంట."