ఖాళీ అనుకున్న వీధి

తలుపు తీయగానే మనుషుల వేడి మొహానికి కొట్టింది.

మిట్టమధ్యాహ్నం. బయట ఎండ. లోపల అంతకు మించి...

టీచరమ్మ గడప మీదే ఆగిపోయింది. చేతిలో జనాభా లెక్కల కాగితాలు. పది అడుగుల గది. నాలుగు మంచాలు. మూడింటి మీద ఆదమరిచి నిద్రపోతున్నవాళ్ళు. తాడు మీద ఎనిమిది మంది బట్టలు.

ఎనిమిది మంది!

మిల్లు మూతపడ్డాక ఊరు ఊడ్చుకుపోయిందనేవాళ్ళు అందరూ. తనూ అదే అనేది. ఈ మిల్లు క్వార్టర్ల వీధి ఒక్క పూటలో అయిపోతుందనుకుని మొదటిరోజు మంచినీళ్ళ సీసా కూడా తెచ్చుకోలేదు.

మూడు రోజులైంది. వీధి సగం కూడా కాలేదు.

గది తర్వాత గది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. పాత మిల్లులో పెట్టిన గోడౌన్లో అట్టపెట్టెలు సర్దేవాళ్ళు. పగటి డ్యూటీ వాళ్ళు లేచిన మంచం మీద రాత్రి డ్యూటీ వాళ్ళు వాలుతారు. దుప్పటి చల్లారదు.

కూడి చూసింది. మళ్ళీ కూడింది.

మిల్లు నడిచిన రోజుల కంటే ఎక్కువ మంది.

మిల్లులో నాన్న ఒక్కడి జీతంతో ఇంట్లో ఆరుగురు బతికారు. ఈ గోడౌన్ జీతంతో ఒక మనిషికి సగం మంచం వస్తుంది.

ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఎక్కడున్నారు? తను ఎటు చూసింది?

"అందర్నీ లేపమంటారా మేడమ్?" తలుపు తీసిన గడ్డమాయన అడిగాడు.

"వద్దండీ, పాపం. మీరే చెప్పండి."

చెప్పాడు. రాసింది. ఏడు పేర్లు.

"ఇంకొకాయన ఉన్నాడు. ఆయన పేరు మాకూ తెలీదు, మేస్త్రీ అంటాం. ఇదిగో మేస్త్రీ... లెక్కల మేడమ్ వచ్చారు, లే."

గోడవైపు తిరిగి పడుకున్న మనిషి కదిలాడు. లేచి కూర్చున్నాడు.

అన్నయ్య.

ఐదేళ్ళ కిందట సముద్రం పక్క ఊరికి సూపర్‌వైజరుగా వెళ్ళిన అన్నయ్య. ఏడాదికోసారి ఇస్త్రీ బట్టలతో బస్సు దిగే అన్నయ్య. మొన్న ఆదివారం ఫోన్ చేసి, ఇక్కడ ఒకటే వాన అన్న అన్నయ్య. గొడుగు కొనుక్కోమన్నానని వదిన కనబడ్డవాళ్ళందరికీ మురిసిపోతూ చెప్పింది.

ఈ ఊళ్ళో చినుకు పడి రెండు నెలలైంది.

పెన్ను జారిపోయింది. మేడమ్‌కి ఎండ తగిలిందనుకుని గడ్డమాయన నీళ్ళకోసం పరుగెత్తాడు.

"ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"అక్కడ చేసింది మూడు నెలలేనే చిన్నీ. తీసేశారు." అతను అరచేతుల్లోకి చూసుకున్నాడు. "నలభై మంది చేత పని చేయించినవాణ్ణి. ఏ మొహం పెట్టుకుని ఇంటికి రానూ?"

"ఇల్లు మైలు దూరం లేదు కదా అన్నయ్యా! ఎవరి కంటా పడకుండా ఎలా..."

"నేనేం దాక్కోలేదు. మూతికి గుడ్డ కట్టుకుని గోడౌన్ బస్సు దిగేవాణ్ణి ఎవరు చూస్తారు? బజార్లో రెండుసార్లు నీ పక్కనుంచే పోయాను. ఒకసారి నువ్వే... జరగవయ్యా అన్నావు."

జరగవయ్యా.

గుర్తు తెచ్చుకోవాలని చూసింది. గుడ్డలు గుర్తొచ్చాయి... ఎర్రవి, నీలివి. వాటి పైన ఒక్క జత కళ్ళయినా గుర్తు రాలేదు.

"వదినకి చెప్పకే. ఆ కాగితంలోనూ వద్దు. ఏడుగురే అని రాసేయ్."

గడ్డమాయన గ్లాసుతో వచ్చేశాడు.

టీచరమ్మ వంగి పెన్ను తీసుకుంది. నీళ్ళు అందుకోలేదు. ఏడో పేరు కింద గీత ఖాళీగా ఉంది.

"పేరు?" అంది.

అన్నయ్య ఆమెనే చూశాడు. తర్వాత నెమ్మదిగా, అక్షరం అక్షరం, చెప్పాడు.

రాసింది. చివరి అక్షరం గడి దాటింది.

"ఈ ఊళ్ళో ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారు?"

అన్నయ్యని 'మీరు' అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

పైన రాసిన ఏడుగురికీ ఆ గడిలో ఏడాది, ఎనిమిది నెలలు, రెండేళ్ళు.

"పుట్టినప్పట్నుంచీ," అన్నాడు.

గడ్డమాయన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.