మంద్రం వాయించినవాడు

రెల్లు పీకను నీళ్ల గిన్నెలోంచి తీసి, చిన్న చాకుతో అంచు గీకి, పెదవుల మధ్య పెట్టి ఊదాడు వెండెలిన్ హార్నిష్. నచ్చలేదు. మొహం చిట్లించి మళ్లీ గీకాడు. సిన్సినాటిలో కాలువ అవతలి జర్మన్ల పేటలో, ఆ వంటింటి కిటికీ దగ్గర, ఆయన పొద్దు ఏళ్ల తరబడి ఇలాగే మొదలవుతోంది. ఆర్కెస్ట్రాలో ఆయనది రెండో బసూన్. నిలబెడితే రొమ్ముదాకా వచ్చే చెక్క వాద్యం. అది వాయిస్తున్నప్పుడు ఎవరూ గమనించరు, ఆపితే మాత్రం పాట కుంటుతుంది.

మొదటి బసూన్ ఆయన అన్న లెబరెక్ట్‌ది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి లెబరెక్ట్ పక్కగదిలో మంచం పట్టాడు. ఇక రోజుల మాటేనని డాక్టరు చెప్పి వెళ్లాడు.

ఇంటి యజమానురాలు కునిగుండె వేయించిన గెట్టా మాంసపు బిళ్లలు పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. ఆమె వితంతువు, నోటికి అడ్డూ ఆపూ లేదు. అన్న తినకుండా తమ్ముడు ముద్ద ముట్టడని, ఇలాగైతే ఇద్దరికీ ఒకే శవపెట్టె చేయించాల్సి వస్తుందని దెప్పింది. వెండెలిన్ నవ్వి మళ్లీ పీక గీకాడు. ఒకప్పుడు ఆయనకూ ఒక పిల్ల నచ్చింది. అన్నతో చెప్పడానికి ధైర్యం కూడగట్టుకునేలోగా ఆమె పెళ్లయిపోయింది.

హార్నిష్‌లది జర్మనీలోని సాక్సనీలో ఒక చిన్న ఊరు. ముత్తాత నుంచి తండ్రి దాకా అందరూ చర్చి గోపురం మీదే కాపురమున్న ఊరి వాద్యగాళ్లు. నిప్పంటుకుంటే బూర ఊదాలి, పొద్దున్నే దేవుడి కీర్తన ఊదాలి. తమ ఇంట్లో ఎవరైనా పోతే ఆ ప్రాణం ఊరి పొలిమేర దాటేలోగా సాగనంపు కీర్తన ఊదాలి. అందులో పెద్దవాడిది పాట, అందరికన్నా చిన్నవాడిది అడుగున మంద్రం. బతికున్నవాడికి దాన్ని ఊదితే చావుకు కబురు పెట్టినట్టే. చివరికి ఊరి పెద్దలు ఆ కొలువు ఎత్తేశారు. తండ్రి కొడుకులిద్దరినీ అమెరికా ఓడెక్కించాడు. ఆయన పోయిన సంగతి నెలల తర్వాత తెలిస్తే, అన్నదమ్ములిద్దరూ ఈ మేడెక్కి కీర్తన ఊదారు. పోలీసు వచ్చి దిగమన్నా పూర్తయ్యేదాకా దిగలేదు.

ఆ పొద్దు రిహార్సల్లో కండక్టరు వెండెలిన్‌ను మొదటి కుర్చీలోకి జరగమన్నాడు. అక్కడ మనిషున్నాడని చెప్పి ఆయన కదల్లేదు. ఖాళీ కుర్చీ పక్కనే కూర్చుని తన వంతు వాయించి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు.

లెబరెక్ట్ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"ఊదరా," అన్నాడు.

"ఏది అన్నా?"

"నాన్నకు ఊదింది."

వెండెలిన్ అన్న మీది దుప్పటి సర్దాడు. "అవేం మాటలు? నువ్వు లేచి తిరుగుతావు."

"పోయాక ఊదితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేరా. నేను వినకపోతే నీ శ్రుతి ఎవడు చూస్తాడు?"

పుట్టి బుద్ధెరిగాక వెండెలిన్ అన్న మాటను కాదన్నవాడు కాదు. ఇప్పుడు ఆ మాట వింటే అన్నను తన చేతులతో సాగనంపినట్టే. వినకపోతే అన్న చివరి కోరిక తీర్చనివాడవుతాడు. వంటింట్లోకి వచ్చి గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

కునిగుండె అంతా విన్నది. "మీరు ఊదినా మానినా ఆయన ఆగరు వెండెలిన్ గారూ," అంది మెల్లగా. "ఉత్త చేతుల్తో పంపుతారా?"

ఆయన వాద్యం తెచ్చి, అన్న గదిలో కిటికీ బార్లా తెరిచి, వీధికేసి తిరిగి ఊదడం మొదలుపెట్టాడు. మొదటి చరణం అయ్యేదాకా తను చేసిన పొరపాటు తెలియలేదు. పాట కాదు, మంద్రం ఊదుతున్నాడు. జీవితమంతా ఊదిన అలవాటు. పైన పాట ఉండాల్సిన చోటంతా ఖాళీ. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆపేసి మళ్లీ ఎత్తుకుందామనుకున్నాడు.

అప్పుడు వెనక నుంచి పాట వచ్చింది. సన్నగా, బొంగురుగా, ఎప్పటిలాగే తమ్ముణ్ణి కాస్త ముందుకు తోస్తూ లెబరెక్ట్ కూనిరాగం తీస్తున్నాడు. అన్నకు ఊపిరి అందడానికి వెండెలిన్ ప్రతి మలుపులోనూ కాస్త ఆగాడు. కళ్లు నిండి వీధి కనిపించలేదు. ఇంత బాగా వాళ్లెప్పుడూ వాయించలేదని అనిపించింది.

మూడో చరణం మధ్యలో పాట ఆగింది.

వెండెలిన్ తల తిప్పలేదు. పక్కవాడు ఆగినా నీ వంతు ఆపకూడదని గోపురం మీద తండ్రి నేర్పాడు. మిగిలిన చరణమంతా ఒంటరి మంద్రంతోనే ముగించి, వాద్యం గోడకు ఆనించి, అప్పుడు వెనక్కి తిరిగాడు.

కునిగుండె లెబరెక్ట్ కళ్లు మూస్తోంది. వెండెలిన్ మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడి, అన్న అరచెయ్యి తన మొహానికి ఆనించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తనే పంపేశానన్నాడు. ఆమె ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

చాలాసేపటికి ఆయన తల వాల్చి కిందికి చూశాడు. మంచం కింద లెబరెక్ట్ ఇంటి చెప్పులున్నాయి. ఎడమది కొత్తదానిలాగే ఉంది, కుడిదాని మొన మాత్రం పాటకు తాళం వేసి వేసి చిల్లుపడింది.